ఏడు సంపుటాలైనా పట్టుకోని చేయి

ఇద్దరు అమ్మాయిలు ఒకరి చేయి ఒకరు పట్టుకోవడానికి ఏడు సంపుటాలు చాలవా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

చాలవు! పద్నాలుగైనా చాలవు. చాలకపోవడమే ఆ కథ గొప్పతనమని నిరూపించదలచాను.

నాగసాకిలో ఒక ఉన్నత పాఠశాలలో నీతిశాస్త్రం బోధించే, నలభై దాటిన ఉపాధ్యాయురాలిని నేను. నా సంచిలో బరువైన తత్త్వగ్రంథాలు ఉంటాయని మా ప్రిన్సిపాల్ విశ్వాసం. ఉండేది మాంగా. హిసానో, మినెకో అనే ఇద్దరు సహపాఠుల ప్రేమ గురించిన బొమ్మల కథ.

మొదటి సంపుటంలో హిసానో ఒక గొడుగు తిరిగి ఇస్తుంది. అంతే, సంపుటం పూర్తయింది! మూడో దానిలో మినెకో చెవి ఎర్రబడుతుంది. ఆ చెవికి నాలుగు పేజీలు. అయిదో దానిలో తుపాను వచ్చి ఇద్దరినీ ఒకే పాకలోకి తోస్తుంది. వారు వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. కొత్త పెళ్లికూతురిగా ఈ కథ చదవడం మొదలుపెట్టిన ఒకావిడ కూతురు నిరుడు మా బడిలో చేరింది. కథానాయికలు ఇంకా రెండో సంవత్సరంలోనే ఉన్నారు!

“ఏమీ జరగదేం?” అని విసుక్కునేవారున్నారు. జరిగితే ఏమవుతుంది? తొలి పేజీల్లోనే ముద్దు పెట్టుకున్న జంటకు ఆ తరువాత పాపం రచయిత మతిమరుపో, లారీ ప్రమాదమో ఏర్పాటు చేయవలసి వస్తుంది. చేయి పట్టుకోనివారిని ఏ లారీ గుద్దదు!

బాణం లక్ష్యాన్ని ఎన్నటికీ చేరదని ఒక ప్రాచీన గ్రీకు తాత్త్వికుడు వాదించాడు. ఎవరూ నమ్మలేదు. ఆయనకు ఈ మాంగా దొరికి ఉంటే!

పైగా ఇది మా జీవన విధానానికి అద్దం. మా దగ్గర మనసులోని మాటను ఎదుటివారే గ్రహించాలి. బయటపెట్టడం వారిని ఇబ్బంది పెట్టడమే. కాని ప్రేమ మాత్రం నోటితో లాంఛనంగా చెప్పనిదే మొదలైనట్టు లెక్క కాదు. ఈ రెండు ఆచారాల నడుమ ఇరుక్కున్నవారు నిశ్చింతగా వృద్ధాప్యానికి చేరుకోవచ్చు!

ఉదాహరణకు, ఆ సంపుటాలు నాకు ఇచ్చే మా లైబ్రేరియన్ తొమోయే సెగావా గారు. రోజూ ఇద్దరం కలిసే భోంచేస్తాం. ఆవిడ గుడ్డట్టు నా డబ్బాలోకి, నా ముల్లంగి ఊరగాయ ఆవిడ డబ్బాలోకి వెళ్తుంటాయి. మేము ఒకరికొకరం ఏమవుతామో చెప్పే వాక్యం మాత్రం ఏ డబ్బాలోనూ ఉండదు. ఎంత మర్యాద!

ఈ సాయంత్రం ట్రాము స్టాపులో ఆవిడ అన్నారు: “ఏప్రిల్ నుంచి నన్ను త్సుషిమా దీవికి బదిలీ చేశారండీ.”

“మంచి చోటే. చేపలు బాగుంటాయి,” అన్నాను.

“అంతేనా? చేపలేనా?”

“గాలి కూడా.”

“మీరు మరీనండీ! మీకంటే హిసానో నయం. ఏడో సంపుటానికైనా చేయి చాచింది.”

“చాచింది గానీ, వాన వచ్చిందిగా!”

“ఇప్పుడు రావట్లేదు లెండి,” అని ఆవిడ నవ్వబోయి, నవ్వకుండానే ట్రాము ఎక్కేశారు.

నా సిద్ధాంతంలో ఒక లోపం అప్పుడు కనిపించింది. హిసానో ఎంతకాలమైనా తటపటాయించవచ్చు. ఆమెను గీసేవారున్నారు, అడిగి మరీ గీయించుకునే పాఠకులున్నారు. మమ్మల్ని గీసేవారెవరు? సముద్రం అవతల ఆవిడ ఒంటరిగా డబ్బా విప్పుకుంటే, దానిని సంయమనమని ఏ తత్త్వశాస్త్రం మెచ్చుకుంటుంది? మెల్లగా నడిచే కథను ఇంతకాలం పొగిడింది, నా పిరికితనానికి మంచి పేరు వెతకడానికే.

ఆ ట్రాము మా ఇంటివైపు వెళ్లేది కాదు. ఎక్కాలని నిశ్చయించాను. తలుపు మూసుకుంటుండగా ఎక్కాను.

“ఇదేంటండీ, మీ ఇల్లు అటు కదా!”

“సెగావా గారూ, మీరంటే నాకిష్టం. నాతో జతగా ఉంటారా?” అన్నాను, ట్రాము మొత్తానికీ వినబడేటట్టు.