కునుకు పేజీలో బావగారు

ఆదివారం పొద్దున కుట్టుమిషన్ల మెకానిక్కు రెండు పనులు పెట్టుకున్నాడు. దుకాణానికి సెలవు గనుక, కాఫీ చల్లారేలోపు ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో 'కుట్టుమిషను' పేజీ సరిచేయాలి. ఆ తరువాత పెరటి కుళాయికి వాషరు మార్చాలి. ఆ విజ్ఞానసర్వస్వంలో ఎవరైనా రాయవచ్చని మొదటి పేజీలోనే ఉంది. ఆ 'ఎవరైనా' అన్న మాట తన కోసమే వేశారనిపించి, వారం కిందటే అందులో పేరు నమోదు చేసుకున్నాడు.

పేజీ తెరిచి, చాలాకాలంగా మనసులో ఉన్న వాక్యం రాశాడు: 'కుట్టు తప్పితే తప్పు మిషనుది కాదు, సూదిని తిప్పి పెట్టినవాళ్ళది.' రాసి గ్లాసు అందుకున్నాడు. మూడు గుక్కలు తాగి చూసేసరికి వాక్యం లేదు. 'నిదానం' అనే పేరుతో రాసే ఒక పాత సభ్యుడు తీసేశాడు. పక్కనే కబురు పెట్టాడు: "స్వాగతం. మీ వాక్యానికి ఆధారం లేదు గనుక తొలగించాను."

"ఆధారం నేనే. ఊళ్ళో మిషన్లన్నీ నా చేతిమీదుగా పోయినవే," అని మెకానిక్కు జవాబు రాశాడు.

"మీ అనుభవం పట్ల గౌరవం ఉంది. కానీ ఇక్కడ అనుభవం ఆధారం కాదు. అచ్చయిన పుస్తకం చూపాలి."

అతని భార్య కూరగాయలు తరుగుతూ తలెత్తింది. "పొద్దున్నే ఎవరితోనండీ పోట్లాట?"

"పోట్లాట కాదు. వీడెవడో నాకు పని తెలుసంటున్నాడు. తెలిసినా పనికిరాదంటున్నాడు."

"పెళ్ళికి ముందు మా నాన్న కూడా మీ గురించి అచ్చం ఇదే అన్నాడు," అని ఆమె మళ్ళీ కత్తిపీట వైపు వంగింది.

నిదానం మంచివాడే. కొత్తవారు బొమ్మలతో మొదలుపెడితే సులువని, సొంతంగా తీసిన ఫోటోకు ఏ పుస్తకమూ చూపనక్కర్లేదని చెప్పి, బొమ్మలు లేని పేజీల వరస ఒకటి చూపించాడు. అందులో 'కుదురు' ఉంది, 'కునుకు' ఉంది, 'కుప్ప' ఉంది. మెకానిక్కు తలెత్తి వసారాలోకి చూశాడు. కునుకు ఎదురుగానే ఉంది.

అక్కాబావలది అదే ఇంట్లో ముందు వాటా. బావగారు రంగు డబ్బాల గోదాములో రాత్రి కాపలా. పొద్దున ఇంటికి రాగానే, బూట్లు విప్పే ఓపిక కూడా లేక, వసారాలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోతాడు. అప్పుడూ అలాగే ఉన్నాడు. ఒంటిమీద యూనిఫారం, మోకాలిమీద టోపీ, పొట్టమీద రెండు చేతులు. తల వెనక్కి వాలింది, నోరు సగం తెరుచుకుంది. మీసం ఊపిరితో పాటు లేస్తూ పడుతోంది. చూసినవాడికి ఆవులింత రాక తప్పని నిద్ర అది. మెకానిక్కు ఒక్క ఫోటో తీశాడు.

ఎక్కించేటప్పుడు సైటు కొన్ని ప్రశ్నలు వేసింది. బొమ్మలోని వ్యక్తికి అభ్యంతరం ఉందా అని అడిగింది. మెకానిక్కు బావగారి వైపు చూశాడు. ఆయన ఏమీ అనలేదు. 'లేదు' దగ్గర టిక్కు పెట్టాడు. ఈ ఫోటోను ఎవరైనా, దేనికైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చని, తీసినవారి పేరు మాత్రం వేయాలని, ఒకసారి ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవడం కుదరదని కింద ఉంది. తన పేరు వేస్తారన్నది అతనికి నచ్చింది. ఒప్పుకున్నాడు.

"చక్కని బొమ్మ," అని నిదానం రాశాడు. నాలుగు రోజులు తిరగకుండానే వేరే భాషల విజ్ఞానసర్వస్వాలు కూడా ఆ ఫోటో తీసుకున్నాయి. తనకు అక్షరం ముక్క తెలియని లిపుల మధ్య బావగారు నిద్రపోవడం మెకానిక్కు భార్యకు చూపించాడు.

"అన్నయ్యగారు బస్సెక్కితే వాంతులంటారు. నిద్రలో మాత్రం దేశాలన్నీ తిరిగొచ్చారు," అని ఆమె నవ్వింది. వెంటనే నవ్వు ఆపింది. "ఆయనకి చెప్పారా?"

"లేవగానే చెబుదామనుకున్నా."

"మరి లేచాక?"

"డ్యూటీకి వెళ్ళిపోయారు."

శుక్రవారం సాయంత్రం చెప్పనక్కర్లేకుండా పోయింది. బావగారు వీధి మలుపు నుంచే కేకేస్తూ వచ్చాడు.

"బామ్మర్దీ! బస్టాపు దగ్గర నన్ను వేలాడదీశారు, చూశావా?"

బస్టాపు ఎదురుగా ఉన్న పరుపుల దుకాణం కొత్త బ్యానరు కట్టింది. గుమ్మమంత ఎత్తున బావగారు నిద్రపోతున్నాడు. పక్కన పెద్ద అక్షరాలు: 'కుర్చీలోనే ఇంత నిద్రయితే, మా పరుపు మీద ఎంతో!' కింద చిన్న అక్షరాల్లో ఫోటో తీసినవాడి పేరు. పరుపులాయన నియమం పాటించాడు.

"నీ పేరెందుకుందిరా దాని మీద?" అని అక్క వంటింట్లోంచి వచ్చింది.

మెకానిక్కు చెప్పాడు. చెబుతూంటే ఆ సంగతి అతనికే మునుపటంత గొప్పగా అనిపించలేదు.

"పరుపులాయన గొడవ తరవాత," బావగారు జేబులోంచి మడత కాగితం తీశాడు. "మా మేనేజరు అదే బస్టాపులో దిగుతాడు. యూనిఫారం మీద కంపెనీ బిళ్ళ చదివాడు. డ్యూటీలో నిద్రపోయావంటాడు. రేపు సాయంత్రంలోగా సంజాయిషీ ఇయ్యాలి, లేకపోతే టార్చిలైటూ టోపీ అప్పజెప్పి ఇంటికి పొమ్మన్నాడు. ఈ వయసులో నాకు ఇంకో ఉద్యోగం ఎవడిస్తాడ్రా?"

పెరట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

మెకానిక్కు తటాలున ఫోను తీసి, కునుకు పేజీలోంచి బొమ్మ తీసేశాడు. క్షణంలో బొమ్మ తిరిగొచ్చింది. "కారణం రాయలేదు," అన్నాడు నిదానం. మళ్ళీ తీసేసి కారణం రాశాడు: 'ఇంట్లో గొడవ.' బొమ్మ మళ్ళీ వచ్చింది. "ఇది మన కారణాల్లో లేదు. బొమ్మలోని వ్యక్తే కోరితే వారం పాటు చర్చించి నిర్ణయిస్తారు."

"వారమా? రేపు సాయంత్రానికి నేను రోడ్డు మీదుంటాను!" అన్నాడు బావగారు.

"తీసెయ్యకండి," అంది మెకానిక్కు భార్య. "ఇప్పుడు తీసేస్తే తప్పు చేసి దాచినట్టుంటుంది. దాని కిందే నిజం రాసెయ్యండి."

ఆ మాట అందరికీ బాగుందనిపించింది. మెకానిక్కు బొమ్మ కింద రాశాడు: 'రాత్రంతా కళ్ళలో ఒత్తులు వేసుకుని కాపలా కాసి, పగటిపూట తన ఇంట్లో నిద్రిస్తున్న నిజాయితీపరుడైన కాపలాదారు.' బావగారు రెండుసార్లు చదివించుకున్నాడు. 'నిజాయితీపరుడైన' దగ్గర గొంతు సవరించుకున్నాడు. మర్నాడు మేనేజరు దగ్గరకు ధైర్యంగా వెళ్ళి, విజ్ఞానసర్వస్వంలోనే రాసి ఉంది, చూసుకోండి సార్ అన్నాడు.

మేనేజరు చూశాడు. బొమ్మ కింద 'కుర్చీలో నిద్రిస్తున్న కాపలాదారు' అని మాత్రమే ఉంది. మేనేజరు తెలివైనవాడు. పేజీలో ఎవరెప్పుడు ఏం మార్చారో చూపించే చోటు వెతికి పట్టుకుని, పైకి చదివాడు: "'రాత్రంతా కాపలా కాసి', 'పగటిపూట', 'తన ఇంట్లో', 'నిజాయితీపరుడైన': వీటికి ఆధారం లేదు. తొలగించాను. ఇట్లు, నిదానం."

"ఈ నిదానం ఎవరో నాకు తెలీదు," అన్నాడు మేనేజరు. "నువ్వూ ఎవరో ఆయనకి తెలీదు. ఎవరి పక్షమూ లేని మనిషే నీ నిజాయితీకి ఆధారం లేదంటుంటే, నేనేం చెయ్యనయ్యా?"

బావగారు ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి ఆ కుర్చీలో ఆయనకు నిద్ర రాలేదు.

"ఏదీ, ఆ ఫోటో ఇటు చూపించు," అంది అక్క. అంత గొడవ జరుగుతున్నా ఆవిడ ఇంతవరకూ ఫోటో సరిగా చూడలేదు. ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "వెనక తీగ మీద నా పూల దుప్పటి ఉంది కదరా!"

"ఉంటే?"

"ఉంటే ఏంట్రా మొద్దూ. గోదాములో ఎవరైనా దుప్పట్లు ఆరేస్తారా? ఈయన మోకాళ్ళ మీద ఇంత ఎండ పడుతోంది. అర్ధరాత్రి ఎండ కాస్తుందా? ఇంటినిండా మగాళ్ళు, ఒక్కడికీ కళ్ళు లేవు."

ఆవిడ దుప్పటి మడిచి చంకన పెట్టుకుని, భర్తను వెంటపెట్టుకుని గోదాముకు వెళ్ళింది. మేనేజరు బల్ల మీద దాన్ని పరిచింది. మేనేజరు ఫోటోలో పూలూ బల్లమీది పూలూ పోల్చి చూసుకున్నాడు. ఎండ చూశాడు. సంజాయిషీ కాగితం చింపేశాడు.

"సరే. కానీ మా బిళ్ళతో ఈ నిద్ర ఊరంతా కనబడకూడదు. ఆ ఫోటో పోవాలి."

"పోతుంది సార్. మా బామ్మర్దితో ఇవాళే చెప్తాను," అని బావగారు చేతులు జోడించాడు.

మెకానిక్కు ఈసారి తొందరపడలేదు. దెబ్బలు తిని పద్ధతి నేర్చుకున్నాడు. దేన్నీ పీకకుండా, చర్చ పేజీలోకి వెళ్ళి, ఇంతకంటే తగిన బొమ్మ ఒకటి ఉందని మర్యాదగా మనవి చేసుకున్నాడు. మిషను మూత మీద ముడుచుకుని పడుకున్న పిల్లి ఫోటో జతచేశాడు. సభ్యులు వచ్చి తీరిగ్గా మాట్లాడుకున్నారు. పిల్లి తోక కొంచెం కోసుకుపోయిందని ఒకరు అభ్యంతరం చెప్పారు. వారం గడిచాక అందరూ పిల్లికే ఒప్పుకున్నారు. "కొత్త సభ్యులకు ఇది ఆదర్శం," అని నిదానం మెచ్చుకున్నాడు. పరుపులాయన కూడా అడగ్గానే బ్యానరు దించాడు.

ఆ వారంలో కొన్ని సంగతులు జరిగాయి. కిరాణా కొట్టులో బావగారిని గుర్తుపట్టి ముందుగా సరుకులు కట్టారు. బస్సులో ఎవరో లేచి సీటిచ్చారు. పిల్లవాడు నిద్రపోవడం లేదని ఒకావిడ వాణ్ణి ఎత్తుకొచ్చి ఆయన్ని చూపించింది. పరుపులాయన ఒక దిండు పంపాడు. బావగారు మీసం కత్తిరించుకున్నాడు. వీటి గురించి ఆయన ఇంట్లో ఏమీ చెప్పలేదు.

వారం ముగిసిన రోజు సాయంత్రం మెకానిక్కు ముందు వాటాలోకి సంతోషంగా వెళ్ళాడు. "బావగారూ, తీసేశాం."

"ఏంటి తీసేసింది?"

"మీ ఫోటో."

"ఎవరు తియ్యమన్నారు?"

"మీరే కదా!"

"అప్పుడన్నాను," అన్నాడు బావగారు. కాసేపు బూటు తాడు కట్టుకున్నాడు. "నా చోట ఏం పెట్టారు?"

"పిల్లి."

బావగారి చెయ్యి తాడు మీదే ఆగిపోయింది. "పిల్లి నిద్రపోతే అదో గొప్పా? పుట్టినప్పట్నుంచీ దానికి అదే పని. మనిషి ఒళ్ళు హూనం చేసుకుని నిద్రపోవడం వేరు."

"మేనేజరు ఏమన్నాడో మర్చిపోయారా?" అంది అక్క.

"కునుకు సంగతి మేనేజరుకేం తెలుసే!"

ఆయన బామ్మర్ది ఫోను లాక్కుని, 'అసలు మనిషి' అన్న పేరుతో సభ్యుడిగా చేరి, పిల్లిని తీసి తన బొమ్మ పెట్టాడు. నిదానం పిల్లిని తిరిగి పెట్టాడు: "చర్చలో అంగీకారం కుదిరింది." బావగారు పిల్లిని తీశాడు: "నన్ను చర్చకు పిలవలేదు." పిల్లి వచ్చింది: "ఎవరి బొమ్మను వారే చేర్చుకోవడం పద్ధతి కాదు." బావగారు తీశాడు: "బొమ్మ తీసింది నేను కాదు, మా బామ్మర్ది. నేను నిద్రపోతున్నాను." పిల్లి మళ్ళీ వచ్చింది. బావగారు నాలుగోసారి తీశాక, పేజీ ఆయన్ని లోపలికి రానివ్వలేదు.

"ఏమైంది దీనికి?"

"ఒకే రోజు మూడుసార్లకు మించి అటూ ఇటూ మారిస్తే ఒక రోజు నిషేధం బావగారూ," అన్నాడు మెకానిక్కు మెల్లగా. "ఎవరికైనా అంతే. నియమం."

బావగారు ఫోను బల్లమీద పెట్టాడు. టోపీ పెట్టుకున్నాడు. టార్చిలైటు పట్టుకుని గోదాముకు బయలుదేరాడు.

ఆ రాత్రి మాత్రం డ్యూటీలో ఆయన కునుకు తీయలేదు.