‘ఉండండి’ ఏకవచనమే

పెళ్లిలో పెద్దలిచ్చిన దీవెన ఎట్టకేలకు అమలుకు రావడంతో, ఒక బుధవారం పొద్దున్నే హైమావతి పొట్టి జునిపర్ మొక్కగా మారింది. ఆ దీవెన ‘పచ్చగా ఉండండి’ అన్నది. రాజమండ్రిలోని దీవెనల అమలు శాఖ ఏ చెట్టును పడితే ఆ చెట్టును పచ్చనిదిగా ఒప్పుకోదు. వేప ఆకు రాలుస్తుంది, అరటాకు గాలికి చిరుగుతుంది. అందుకని ఏడాది పొడవునా రంగు మారని చలిదేశపు సూదాకుల చెట్లనే నిబంధనల్లో చేర్చారు. తోటలున్నవాళ్లకు ఆకాశాన్నంటే రకాలు, పెరడు చిన్నదైతే పొట్టి రకాలు. చిదంబరరావు ఇంటి పెరడు ఒక నులకమంచం వేస్తే నిండిపోతుంది కాబట్టి ఆయన భార్యకు మోకాలెత్తు రకం మంజూరైంది.

శాఖ మీద ఊళ్లో పెద్దగా ఫిర్యాదులు లేవు. దీవెనలు ఆలస్యంగా అమలవుతాయే తప్ప అమలు కాకుండా పోవు. ‘చల్లగా ఉండండి’ విభాగం మాత్రం ఎండాకాలంలో పనిచేయదని గుమ్మం దగ్గర బోర్డు పెట్టారు.

చిదంబరరావు బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. ఆలస్యాలు ఆయనకు కొత్త కాదు. ఆయన్ను బాధపెట్టింది ఒక్కటే: ఉత్తర్వులో హైమావతి పేరొక్కటే ఉంది. ఇద్దరూ పక్కపక్కన పీటల మీద కూర్చుని తీసుకున్న దీవెన అది. తనను కూడా మొక్కగా మార్చి ఆమె పక్కన పెట్టించాలని ఆయన ఆ రోజే నిశ్చయించుకున్నాడు. పొట్టి రకాలు ఒకదానికొకటి మరీ ఆనుకుని ఉండకూడదని చదివి, ఆమె ఉన్న కుండీని గోడవైపు జరిపి, తనకూ కొంచెం చోటు చేసి పెట్టాడు.

ఆయన శాఖకు అర్జీ పెట్టుకుంటే, విచారణకు భార్యాభర్తలిద్దరూ హాజరు కావాలన్నారు. ఆయన హైమావతిని ఆటోలో ఎక్కించి, గతుకుల దగ్గర కుండీని రెండు చేతులా పట్టుకుని తీసుకెళ్లాడు. సూపరింటెండెంట్ సుగుణకుమారి మొక్కను చూసి, ఎవరూ అడక్కుండానే తన టేబుల్ ఫ్యానును అటు తిప్పింది. ఆ రోజంతటిలోకీ చిదంబరరావుకు ఆ ఫ్యాను గాలే గొప్ప మర్యాదగా తోచింది.

“‘ఉండండి’ అన్నారు కదండీ. బహువచనం. పీటల మీద ఇద్దరం ఉన్నాం,” అన్నాడాయన.

“మీ జిల్లాలో ‘అండి’ని బహువచనం కింద తీసుకోమండి. సర్క్యులరుంది. ఇక్కడ కుక్కని కూడా ‘పక్కకి జరగండి’ అంటారు.”

“అది మర్యాదండి.”

“నేనూ అదే చెప్తున్నానండి. హైమావతి గారిని మర్యాదగా దీవించారు.”

దీవించిన మనిషినే అడగమన్నాడు చిదంబరరావు. హైమావతి మేనమామ తాతబ్బాయిని మరుసటి వాయిదాకు పిలిపించారు. పండు ముసలి, నడుము వంగిపోయింది గాని గొంతు వంగలేదు.

“అక్షింతలు ఎవరి మీద పడ్డాయండీ?” అని అడిగింది సుగుణకుమారి.

“ఆయ్, ఎవరి మీద పడ్డాయో ఎవడు చూశాడండీ! ఎనకాల జనం తోసేస్తన్నారు. పనసపొట్టు కూర అయిపోతందని వంటోడు కేకేశాడు. చేతిలోయి ఇసిరేసి పంక్తిలో కూచున్నాను.”

“ఎవర్ని చూసి అన్నారు?”

“పెళ్లికూతుర్నేనండి. మా హైమ కదండీ మరి! పెళ్లికొడుకుని ఎవరు చూత్తారండీ, ఆడెక్కడికి పోతాడు?” అని, పక్కకు తిరిగి, “ఏవనుకోకు అల్లుడూ,” అన్నాడు.

“అబ్బెబ్బే, ఏముందండీ,” అన్నాడు చిదంబరరావు.

సాక్ష్యం స్పష్టంగా ఉంది కాబట్టి ఆ ‘ఉండండి’ ఏకవచనమేనని సుగుణకుమారి తేల్చింది. చిదంబరరావు లేవలేదు. పై అధికారి దగ్గరికి వెళ్తానన్నాడు, ఆయన కాదంటే ఆ పై ఆయన దగ్గరికి వెళ్తానన్నాడు. ఆమె విసుక్కోకుండా అంతా విన్నది.

“ఎంతదూరం వెళ్లినా ఇంకో చిక్కుందండీ. పురోహితుడు ఆవిణ్ణి ‘దీర్ఘసుమంగళీభవ’ అన్నాడు. అంటే ఆవిడ పచ్చగా ఉన్నంతకాలం మీరు భర్తగా, మనిషిగా ఉండి తీరాలి. బాగా చూసుకుంటే ఈ రకం రెండొందలేళ్లు ఉంటుంది.”

“నాకిప్పటికే మోకాళ్ల నొప్పులండి.”

“అది వేరే శాఖండి.”

ఆడవాళ్ల తల మీద చల్లిన దీవెనలన్నీ మగవాళ్ల ఆయుష్షు ఖాతాలో పడుతూ వచ్చిన సంగతి చిదంబరరావుకు ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు తట్టింది. ఇన్నేళ్లూ ఆమె తనను చూసుకుంది. ఇకమీదట ఆమెను చూసుకోవడమే తను బతకడం. ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే, కుండీ మట్టిలో కలపడానికి గోదావరి ఇసుక జల్లెడ పట్టడం మొదలుపెట్టాడు.

రోహిణి కార్తె ఎండకు ఊళ్లోని జునిపర్లు చాలా మాడిపోయాయి. హైమావతి మాడలేదు. పొద్దుటి ఎండ మాత్రం తగలనిచ్చి, పది దాటాక ఆకుపచ్చ వల కప్పేవాడు. సాయంత్రం ఆకుల మీద నీళ్లు చిలకరించి, మట్టిలో వేలికి తడి తగిలితే అక్కడితో ఆపేసేవాడు. కొమ్మల్ని చేత్తో విడదీసి చూస్తే లోపలి ఆకులన్నీ గోధుమరంగులో ఎండి ఉండేవి. కంగారుపడి శాఖవాళ్లను పిలిస్తే, ఇన్‌స్పెక్టరు బయటినుంచే చూసి వెళ్లిపోయాడు. లోపల ఎండడం ఈ జాతికి మామూలేనట. పైకి పచ్చగా ఉంటే చాలునట. అప్పట్నుంచీ చిదంబరరావే ఆ ఎండాకుల్ని ఒక్కొక్కటే ఏరి తీసేవాడు. తీసిన చోటల్లా చేతికి మంచి వాసన అంటేది.

పచ్చదనంలో అనుభవమున్న పెద్దమనిషని వెనకవీధి సత్యవాణి తన కూతురు శ్రీవల్లి పెళ్లికి ఆయన్నే మొదటి అక్షింతలు వేయమంది. ఈసారి పొరపాటు జరగనివ్వకూడదని చిదంబరరావు గట్టిగా అనుకుని వెళ్లాడు. పీటల ముందు నిలబడి, గొంతు సవరించుకుని, “అమ్మా శ్రీవల్లీ, బాబూ ఫణీంద్రా, మీరిద్దరూ...” అన్నాడు.

పెళ్లికొడుకు తల్లి గబగబా వచ్చింది. “మావాడి పేరెత్తకండి బాబాయిగారూ! మొన్ననే ఉద్యోగమొచ్చింది. అమ్మాయిని దీవించండి చాలు.”

“ఇద్దర్నీ అయితేనేనమ్మా. లేకపోతే నేను వెయ్యను.”

“అయ్యో, చాదస్తం కాకపోతే!” అన్నది సత్యవాణి, ఆడపిల్ల తల్లి. “వాళ్లుండేది అపార్ట్‌మెంటండీ, బాల్కనీలో ఒకటే పడుతుంది. సారెలో కుండీ కూడా పెట్టేశాం.”

చిదంబరరావు గుప్పిట విప్పలేదు. మేళగాళ్లు ఆగిపోయారు. పెళ్లికొడుకు సెల్‌ఫోను చూసుకుంటున్నాడు. పెళ్లికూతురు తలవంచుకుని కూర్చుంది. లోపల ఆకులు వేసేశారని ఎవరో అన్నారు. దాంతో వెనకున్న జనం ఆయన భుజాల మీదుగా అక్షింతలు విసిరి, “పచ్చగా ఉండమ్మా, పచ్చగా ఉండు,” అంటూ పంక్తులవైపు నడిచారు.

మంటపం ఖాళీ అయింది. చిదంబరరావు గుప్పిట్లోని అక్షింతల్ని జేబులో వేసుకుని, సారె సామాన్ల దగ్గరికి వెళ్లి, పసుపు రాసి బొట్లు పెట్టిన కొత్త సిమెంటు కుండీని పైకెత్తి అడుగు చూశాడు.

“ఒక్క చిల్లే ఉందమ్మా. నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి,” అన్నాడు శ్రీవల్లితో.

“ఇంకో రెండు పెట్టించమంటారా తాతగారూ?” అన్నదా పిల్ల, తలంబ్రాలు దులుపుకుంటూ.