ఆరువందల నలభై గ్రాముల అనుమానం

శుక్రవారం డిపాజిట్ గడువు తీరుతోంది. రిటైరైన తూనికల ఇన్‌స్పెక్టరు గారికి ఉన్నదల్లా ఆ డబ్బే. దాన్ని తీసి, ఆన్‌లైన్‌లో సరుకులమ్మే ఒక కంపెనీ షేర్లలోనూ, ఫోనుతో డబ్బు కట్టించే మరో కంపెనీ షేర్లలోనూ పెట్టమని బావమరిది వారం రోజులుగా చెవిలో జోరీగలా పోరుతున్నాడు. పేపర్లో లెక్కలు కూడా చూపించాడు. కొట్టువాళ్ల కాటాల కింద అయస్కాంతాలు వెతుకుతూ ముప్ఫై ఏళ్లు గడిపిన మనిషి పేపరును నమ్ముతాడా?

"జనం నిజంగా కొంటున్నారో లేదో నేనే తూచి చూస్తాను" అన్నారు సోమవారం పొద్దున్న.

అన్నట్టే, ఎవరూ గుర్తుపట్టకుండా కళ్ల మీదికి టోపీ లాక్కుని, అపార్ట్‌మెంటు కింద పార్సిళ్లు పెట్టే బల్ల దగ్గర మాటు వేశారు. నాలుగొచ్చాయి. ఒక్కొక్కటీ ఎత్తారు, ఊపారు, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. జేబులోంచి స్ప్రింగు కాటా తీసి తగిలించి బరువు రాసుకున్నారు. మెట్లు దిగుతున్న మూడో అంతస్తు పళ్ల డాక్టరమ్మకు ఒక టోపీ, ఒక వీపు, ఆ వీపు చేస్తున్న పనీ కనిపించాయి. ఆవిడ చప్పుడు చేయకుండా వెనక్కెక్కేసింది.

మధ్యాహ్నానికి అపార్ట్‌మెంటులో పార్సిళ్ల దొంగ పుట్టాడు. సాయంత్రానికి వాడొక ముఠా అయ్యాడు. మర్నాటి నుంచి ఎవరి పార్సిల్ వాళ్లు గేటు దగ్గరే అందుకుని పట్టుకుపోసాగారు. ఖాళీ బల్లను చూసి ఇన్‌స్పెక్టరు గారు "మంగళవారం సున్నా, బుధవారం సున్నా, బావమరిదివన్నీ కోతలు" అని రాసుకున్నారు.

గురువారం డెలివరీ మనిషి పద్దెనిమిది పెట్టెలు తెచ్చాడు. అన్ని తలుపులూ కొట్టే ఓపిక లేక బల్ల మీదే పేర్చి వెళ్లాడు. అన్నీ ఒకే సైజు. తూచారు. అన్నీ ఆరువందల నలభై గ్రాములే. ఇన్‌స్పెక్టరు గారికి ఒళ్లు మండిపోయింది. రాళ్లు నింపిన పెట్టెలు పంపించి లేని అమ్మకాలు చూపిస్తున్నారన్నమాట, ఇందులో బావమరిది చెయ్యి కూడా ఉందన్నమాట. వాణ్ణి పిలిపించారు, అందరినీ కిందికి రమ్మన్నారు. ఒకరి పార్సిల్ మరొకరు విప్పడం నేరం కాబట్టి, వెతికి తన ఫ్లాటు నంబరున్న పెట్టెనే పట్టుకుని కోశారు.

లోపల తలుపుకు బిగించే కెమెరా ఉంది.

"దొంగ తిరుగుతున్నాడంటే నేనే తెప్పించానండీ" అంది భార్య. "అందరూ ఇవే తెప్పించారు. డబ్బు ఫోన్లోనే కట్టేశాను, నిమిషం పట్టలేదు."

"ఆ టోపీయే" అంది పళ్ల డాక్టరమ్మ.

క్షమాపణలకు గంట పట్టింది. బావమరిది ముఖం మాత్రం వెలిగిపోతోంది. "చూశారా బావగారూ, రెండు కంపెనీలూ గట్టివే. రేపే కొనేద్దాం."

ఇన్‌స్పెక్టరు గారు టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. "ఇవన్నీ కొనిపించింది నేనురా. నేను ఇంట్లో కూర్చుంటే ఎవడు కొంటాడు?"

శుక్రవారం డబ్బు మళ్లీ డిపాజిట్లోకే వెళ్లింది. కెమెరా తలుపుకెక్కింది. ఇప్పటిదాకా అందులో అనుమానంగా కనిపించిన మనిషి ఒక్కడే, అది పనిచేస్తోందో లేదోనని రోజూ పొద్దున్నే వచ్చి తొంగి చూస్తుంటాడు.