మావయ్యగారు చదివే పత్రికలు

కళ్లద్దాల కొట్టాయనకి అత్తవారి వైపు పరువు పోవడానికి పెద్ద కారణం ఏమీ లేదు. ఒకే ఒక్క ప్రశ్న.

మామగారు నౌకాదళంలో మంచి హోదాలో పనిచేసి రిటైరైన మనిషి. కిందటిసారి అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఆయన యథాలాపంగా, "ఈమధ్య మనవాళ్లు కొత్త ఫ్రిగేట్ ఒకటి దింపారు" అన్నారు. ఏదో ఒకటి మాట్లాడకపోతే బాగుండదని కళ్లద్దాలాయన, "డబుల్ డోరా మావయ్యగారూ?" అని అడిగాడు.

ఫ్రిగేట్ అంటే యుద్ధనౌక అని ఆయనకు తర్వాత తెలిసింది. తోడల్లుడు తాగుతున్న మంచినీళ్లు ఎదుటివాళ్ల మీద చల్లాక తెలిసింది. ఆ రోజు నుంచి బంధువులందరికీ ఆయన ఫ్రిజ్ అల్లుడు.

ఇప్పుడు అత్తమామలు వీళ్లింట్లో కొన్నాళ్లు ఉండడానికి వస్తున్నారని కబురొచ్చింది. కళ్లద్దాలాయన బాగా ఆలోచించి, భార్య దగ్గర తన పథకం బయటపెట్టాడు. ఆవిడ లైబ్రరీలో పత్రికల విభాగం చూస్తుంది.

"మీ నాన్నగారు యుద్ధాల గురించీ భద్రత గురించీ ఏమేం చదువుతారో కాస్త కనుక్కుని చెప్పు. అవన్నీ నేనూ చదివేస్తాను. ఆయన నోరు తెరిచే లోపే ఆయన అభిప్రాయం నేను చెప్పేస్తాను."

"దాన్ని అభిప్రాయం అనరండీ. దొంగసొత్తు అంటారు."

"మిలిటరీలో గూఢచర్యం అంటారు."

ఆవిడ మడత పెడుతున్న దుప్పటి అలాగే పట్టుకుని కాసేపు ఆలోచించింది. "సరే, అమ్మనడిగి చెప్తాను" అంది.

మర్నాడు కొట్లో ఉండగా ఆయన ఫోన్‌కి పేర్లు వచ్చాయి. బ్లాగులు, పత్రికలు, ఒకదాని కింద ఒకటి. వేలితో తోస్తున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి.

"ఇన్నా?" అన్నాడు సాయంత్రం ఇంటికొచ్చి.

"రిటైరైన మనిషి కదండీ, తోచదు."

"వీటిలో ముఖ్యమైనవేవి?"

"అదే నాన్న పెట్టే పరీక్ష. ఏది చదవదగ్గదో, ఏది చెత్తో తేల్చగలిగినవాడితోనే ఆయన మాట్లాడతారు."

కళ్లద్దాలాయన చొక్కా చేతులు మడిచి రంగంలోకి దిగాడు.

మొదట దొరికింది 'రణగర్జన' అనే బ్లాగు. వచ్చే గురువారం యుద్ధం ఖాయమని రాశారు. ఆయన ఆదరాబాదరాగా బియ్యం బస్తాలు, కొవ్వొత్తులు, ఇల్లంతా కడుక్కోవడానికి సరిపడా సబ్బులు తెచ్చి పడగ్గదిలో పేర్చాడు. గురువారం వచ్చింది. యుద్ధం రాలేదు. చెత్తబండి వచ్చి వెళ్లింది. శుక్రవారం 'రణగర్జన' తెరిస్తే, వచ్చే గురువారం యుద్ధం ఖాయమని ఉంది.

"పోయిన గురువారం ఎందుకు రాలేదో ఏమన్నా రాశారా?" అని భార్య అడిగింది, బస్తాల మీదుగా మంచం ఎక్కుతూ.

"అసలా ఊసే ఎత్తలేదు."

"ఓహో" అందావిడ.

తర్వాత 'ఉక్కుపిడికిలి'. అందులో మూడు దేశాల కొత్త ట్యాంకుల ఫొటోలు వేశారు. కళ్లజోళ్ల వ్యాపారంలో కళ్లు అరగదీసుకున్న మనిషి కాబట్టి ఆయనకు అనుమానం వచ్చింది. మూడు ఫిరంగి గొట్టాల మీదా ఒకే కాకి, ఒకే పక్కకి తల తిప్పి కూర్చుని ఉంది.

"మూడు సైన్యాలకీ ఒకటే కాకి!" అన్నాడు భోజనాల దగ్గర.

"మరి మిగతావి?"

"ఒకాయన ఒకే కంపెనీ క్షిపణులని ఆకాశానికెత్తుతున్నాడు. పైన చూస్తే ఆ కంపెనీ ప్రకటన. ఇంకొకాయన మాజీ ఆఫీసరు. జలాంతర్గామి మునిగినా, వాన కురవకపోయినా తన పాత పైఅధికారిదే తప్పంటాడు."

ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. పెళ్లయ్యాక తన మాటలు ఆవిడ ఇంత శ్రద్ధగా వినడం ఇదే మొదటిసారని కళ్లద్దాలాయనకు తట్టింది. ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాడు.

చదువు ముదిరేసరికి భాష మారింది. "కూరగాయలు తెచ్చారా?" అంటే, "సరఫరా మార్గంలో ప్రతిఘటన ఎదురైంది" అన్నాడు.

"అంటే?"

"గొడుగు మర్చిపోయాను."

కొట్లో ఒక పెద్దాయన అద్దాలు కావాలని వస్తే, "స్వల్పశ్రేణా, దీర్ఘశ్రేణా?" అని అడిగాడు.

"బాబూ, నాకు పేపరు చదువుకోవడానికి కావాలి, పేల్చడానికి కాదు" అని ఆ పెద్దాయన పక్క కొట్టుకి వెళ్లిపోయాడు.

అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. చెత్తంతా తోడగా తోడగా అడుగున మంచి సరుకు తగిలింది. 'లంగరు' అని ఒక పత్రిక. బొమ్మల్లేవు, కేకల్లేవు. ప్రతి మాటా ఎక్కడిదో కింద చెప్పారు. ఒక మూల, 'పోయిన సంచికలో మేము వేసిన అంచనా తప్పు' అని ఒప్పుకున్నారు. ఇంకొకటి ఎవరో భూగోళం టీచరమ్మ రాసే బ్లాగు. ఉపగ్రహాల ఫొటోలు చూసి ఏ రేవులో ఏం మారిందో చెబుతుంది. తేలనిచోట 'ఇది నాకు తెలియదు' అని రాసేస్తుంది. ఆ ముక్క చదివినప్పుడల్లా కళ్లద్దాలాయనకు ప్రాణం లేచొచ్చేది. అన్నాళ్లుగా ఆయన చదివిన రాతగాళ్లలో, తెలియనిదంటూ ఒకటున్న మనిషి ఆవిడొక్కతే.

అత్తమామలు రానే వచ్చారు. సామాను లోపల పెట్టి, కాళ్లు కడుక్కుని, మామగారు బల్ల దగ్గర కూర్చున్నారు. కళ్లద్దాలాయన ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"మావయ్యగారూ, 'లంగరు' కొత్త సంచికలో జలసంధుల మీద వ్యాసం చూశారా? నాకైతే రెండో భాగం కొంచెం తొందరపాటుగా అనిపించింది."

"లంగరా? అదేం పత్రికండీ అల్లుడుగారూ?"

"అదేనండీ, మీరు చదివేది."

"నేనా? ఉద్యోగం వదిలిన రోజే ఆ గొడవలన్నీ వదిలేశాను. ఇప్పుడు గళ్లనుడికట్టు తప్ప ఇంకేదీ ముట్టుకోను." మామగారు జేబులోంచి పేపరు ముక్క తీశారు. "మంచిమాట గుర్తుచేశారు. నీళ్ల కోసం జరిగే పోరు, మూడక్షరాలు. ఏమై ఉంటుంది?"

"జలసంధి!"

"నాలుగయ్యాయి."

"తగాదా" అన్నారు అత్తగారు వంటింట్లోంచి. "కుళాయి దగ్గర."

కళ్లద్దాలాయన మెల్లగా లేచి అత్తగారి దగ్గరికి వెళ్లాడు. "అత్తయ్యగారూ, మావయ్యగారు చదివేవి ఇవీ అని మీరు మీ అమ్మాయికి చెప్పలేదా?"

"నన్నెవరూ ఏమీ అడగలేదే!"

ఆయన భార్య వైపు తిరిగాడు. ఆవిడ కంచాలు తుడవడంలో మునిగిపోయి ఉంది.

"ఏమిటిది?"

"మా లైబ్రరీలో రక్షణ విషయాల మీద మంచి పత్రికలు, బ్లాగులు ఏవో ఏరి పెట్టమన్నారండీ. పేర్లు పోగేశాను గానీ, అన్నీ చదవాలంటే నా ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. ఇంతలో మీరే వచ్చి అడిగారు."

"అంటే నేను భోజనాల దగ్గర చెప్పిందంతా..."

"మీరు చెప్పింది చెప్పినట్టే రాసిచ్చాను. మా సారు ఎంత మెచ్చుకున్నారో! ఆ కాకి దగ్గర చాలాసేపు నవ్వారు."

"నా పేరు చెప్పావా?"

"ఇంట్లో ఒక నిపుణుడున్నాడని చెప్పాను."

నిపుణుడనే మాటకి కళ్లద్దాలాయన కోపం కొంచెం తడబడింది. అయినా నిలదొక్కుకున్నాడు. "ఇంక ఈ జన్మలో ఒక్క ముక్క చదవను. ఒక్క ముక్క రాయను. అంతే!"

"వద్దులెండి. మీకు శ్రమ." ఆవిడ ఆఖరి కంచం బల్ల మీద పెట్టింది. "ఒక్కటి మాత్రం సారుకి నచ్చలేదు. ఆ భూగోళం టీచరమ్మ బ్లాగు తీసేద్దామంటున్నారు. అంత నమ్మదగ్గది కాదట."

"ఏంటీ?" కళ్లద్దాలాయన గొంతు లేచింది. "అసలాయన చదివాడా? తెలియనిది తెలియదని చెప్పే మనిషి నమ్మదగ్గది కాకపోతే, ప్రతి గురువారం యుద్ధం తెచ్చేవాణ్ణి నమ్ముతాడా?"

"నాకేం తెలుసండీ. ఎవరైనా వివరంగా రాసిస్తే ఆలోచిస్తానన్నారు."

"కాగితం ఇలా తే!"

కాగితం కంచం పక్కనే ఉంది. కలం కూడా. అన్నం చల్లారిపోతోందని అత్తగారు మొత్తుకుంటున్నా వినకుండా ఆయన బల్ల దగ్గర కూర్చుని, కంచం పక్కకి తోసి రాయడం మొదలుపెట్టాడు.

మామగారు కూతురి వైపు వంగి, గొంతు తగ్గించి అడిగారు. "నిజంగానే మీ సారు అలా అన్నాడా అమ్మా?"

"లేదు నాన్నా. ఆయనకి అదే అన్నిటికంటే బాగా నచ్చింది. దాని గురించి ఒక పేజీ రాసి తెమ్మన్నారు."