బాగానే ఉన్నానంటే నమ్మరాదు

ఆదివారం ఉదయం ఏడు గంటలకు సేఫ్టీ ఆఫీసరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి జనరల్ మేనేజరు ఇంటికొస్తాడు. వెనక వరండాలో కొత్తగా కట్టించిన సౌనా గదిలో పది నిమిషాలు కూర్చుని చెమట పట్టించుకుంటాడు. చల్లటి నీళ్లతో స్నానం చేసి, నిమ్మరసం తాగి, తేలికపడ్డ ఒంటితో ఇంటికి వెళ్తాడు. సోమవారం పొద్దున్నే చీఫ్ సేఫ్టీ ఆఫీసరు పోస్టు కాగితం మీద సంతకం పెడతాడు. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుంది?

ఫ్యాక్టరీలో అందరూ ఈ సేఫ్టీ ఆఫీసర్ని వెనకాల జాగ్రత్తరావు అంటారు. మెట్లు దిగేటప్పుడు తన మెట్లే కాక పక్కవాడి మెట్లు కూడా లెక్కపెట్టే మనిషి. ఆయన పెట్టించిన హెచ్చరిక బోర్డులు చదువుతూ నడిచి ఇద్దరు గుమాస్తాలు స్తంభానికి గుద్దుకుంటే, ఆ స్తంభానికి "బోర్డులు చదువుతూ నడవరాదు" అని ఇంకో బోర్డు తగిలించాడు. చీఫ్ పోస్టు మూడు నెలలుగా ఖాళీ. దాని కోసం పదకొండేళ్లుగా కళ్లు కాయలు కాసేలా చూస్తున్నాడు. మొన్న లిఫ్టులో జనరల్ మేనేజరు, "మీ ఇంట్లో సౌనా పెట్టించారటగా? ఆదివారం వస్తాను. ఫ్యాక్టరీలో సరే, ఇంట్లో మీ జాగ్రత్తలేమిటో చూద్దాం," అన్నాడు. అప్పట్నుంచి జాగ్రత్తరావుకి కాలు ఒకచోట నిలవడం లేదు.

సౌనా అంటే పెద్ద గదేమీ కాదు. నలుగురు ఇరుక్కుని కూర్చోగల చెక్క గది, లోపల రెండు బల్లలు, మూల ఒక కరెంటు పొయ్యి, దాని మీద రాళ్లు. తలుపుకు చిన్న అద్దం. తలుపు పక్కన ఇరవై రెండు నిబంధనల కాగితం. తలుపుకు గడియ ఉండరాదు, తోస్తే బయటికి తెరుచుకోవాలి. లోపలికి వెళ్లేముందు నీళ్లు తాగాలి. పొట్ట నిండా తిని వెళ్లరాదు. లోహం వేడెక్కి కాలుతుంది కనుక కళ్లజోడు, వాచీ, ఉంగరం తీసి డబ్బాలో పెట్టాలి. పొయ్యి మీద బట్టలు ఆరేయరాదు. తల తిరిగినట్టుంటే ఆ క్షణమే బయటికి రావాలి. ఇవన్నీ బుద్ధున్నవాడెవడైనా రాసేవే. తొమ్మిదోది మాత్రం జాగ్రత్తరావు సొంత బుర్రలోంచి పుట్టింది: "వేడి తలకెక్కిన మనిషికి ఎక్కిందని తెలియదు. కనుక లోపలివారు పలక్కపోయినా, తీరుగా లేకపోయినా, వారు 'బాగానే ఉన్నాను' అంటే నమ్మరాదు. పేరు, వారం, ఉన్న చోటు అడగాలి. ఒక్క జవాబు తప్పినా పడుకోబెట్టి, కాళ్లు ఎత్తున పెట్టి, తడి తువ్వాళ్లు కప్పి, డాక్టరును పిలవాలి."

లోపల మనిషి ఉన్నంతసేపూ బయట ఇంకొకరు కాపలా ఉండాలన్నది పదో నిబంధన. భార్యకు ఆస్పత్రి విచారణ కౌంటర్లో ఉదయం డ్యూటీ. ఇక మిగిలింది అత్తగారు. ఆవిడ ముప్పై ఏళ్లు అమ్మాయిల హాస్టలుకు వార్డెన్‌గా చేసి పోయినేడే రిటైరైంది. మూడొందల మంది అమ్మాయిలు ముప్పై ఏళ్లపాటు "ఏం లేదు మేడమ్, బాగానే ఉన్నాం" అంటే ఒక్కసారి కూడా నమ్మని మనిషి. తొమ్మిదో నిబంధన చదివి, పెళ్లైన ఇన్నేళ్లలో మొదటిసారి అల్లుడి వంక గౌరవంగా చూసింది.

"బాగా రాశారు బాబూ. ఇంతకీ వచ్చేదెవరు?"

"ఆఫీసులో తెలిసినాయనండీ."

ఇది అబద్ధం కాదు, నిజమూ కాదు. పెద్ద ఆఫీసరని తెలిస్తే, "మీ ఫ్యాక్టరీలో పోయినేడు ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఎందుకు తగిలాయి?" అని ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి అడుగుతుందని ఆయన భయం.

తొమ్మిదింటికి జనరల్ మేనేజరు రానే వచ్చాడు. ఇరవై రెండు నిబంధనలూ చదివి తలూపాడు. పోయి తువ్వాలు చుట్టుకుని వచ్చి బంగారు ఫ్రేము కళ్లజోడు, వాచీ, మూడు ఉంగరాలు డబ్బాలో వేశాడు. అవి తీసేశాక చూస్తే, ఫ్యాక్టరీలో అంత భయపెట్టే మనిషి బొజ్జా బట్టతలా ఉన్న మామూలు పెద్దాయనలా ఉన్నాడు. జాగ్రత్తరావు ఆయనకు దగ్గరుండి రెండు గ్లాసుల నీళ్లు తాగించాడు. ఆ హడావిడిలో తను తాగడం మరిచిపోయాడు. నిజం చెప్పాలంటే తెల్లవారుజామున లేచిన దగ్గర్నుంచీ ఆయన నోట్లో చుక్క నీరు పడలేదు.

ఇద్దరూ లోపల కూర్చున్నారు. అత్తగారు తలుపు బయట కుర్చీ వేసుకుని, మెడలో విజిల్ వేసుకుని, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుంది.

రెండు నిమిషాలకు, "బాగున్నారా?" అని కేకేసింది.

"బాగున్నామండీ."

ఇంకో రెండు నిమిషాలకు, "బాగున్నారా?"

"బాగానే ఉన్నాం!"

ఆరో నిమిషంలో జనరల్ మేనేజరు మొహం చిట్లించాడు. "ఆవిడ ఇలా అడుగుతూనే ఉంటారా?"

"పదకొండో నిబంధనండీ సార్."

పదో నిమిషానికి జాగ్రత్తరావు లేచాడు. మొదటిసారి వచ్చినవాళ్లకి పది నిమిషాలు చాలు సార్, అన్నాడు. "మీరు వెళ్లండి, నేనింకో అయిదు నిమిషాలు కూర్చుంటాను. హాయిగా ఉంది," అన్నాడు జనరల్ మేనేజరు. కాపలా ఉంది కదా అన్న ధైర్యంతో జాగ్రత్తరావు బయటికొచ్చి స్నానాలగదిలోకి వెళ్లి షవరు తిప్పాడు.

ఒంటరిగా దొరికిన జనరల్ మేనేజరు కళ్లు మూసుకున్నాడు. రోజంతా ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఈ చెక్క గదిలోనైనా కాస్త ప్రశాంతంగా ఉందామంటే ఇక్కడా అదే. పన్నెండో నిమిషంలో "బాగున్నారా?" వినబడింది. పలకలేదు. మళ్లీ వినబడింది. మూతి బిగించుకుని, కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. పలక్కపోతే ఆవిడే ఊరుకుంటుందని ఆయన లెక్క. ఆవిడ ఊరుకునే రకం కాదని ఆయనకేం తెలుసు?

విజిల్ వీధి చివరిదాకా వినబడింది. ఎదురింటి జిమ్ మాస్టారు గోడ దూకి వచ్చాడు. జాగ్రత్తరావు ఆయనకు ముందే రెండుసార్లు తర్ఫీదు ఇచ్చి ఉన్నాడు. నిజంగా ఎవరైనా పడిపోతే బాగుండునని అప్పట్నుంచీ ఆయన మనసులో ఓ మూల ఉంది. తలుపు లాగి, జనరల్ మేనేజరును చంకల కింద చేతులు వేసి ఎత్తి, వరండాలో పరిచిన చాప మీద పడుకోబెట్టాడు.

"ఏయ్! ఏంటిది? వదులు! నేను బాగానే ఉన్నాను!"

అత్తగారు, మాస్టారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బాగానే ఉన్నాడట," అంది అత్తగారు.

"అయితే ఎక్కేసినట్టే అమ్మగారూ," అన్నాడు మాస్టారు, రెండు కాళ్లూ ఎత్తి స్టూలు మీద పెడుతూ.

అత్తగారు నోటుబుక్కు తెరిచింది. "మీ పేరు చెప్పండి బాబూ."

"పేరేంటమ్మా! నేను జనరల్ మేనేజర్ని! రెండు వేల మంది నా కింద పనిచేస్తారు!"

తువ్వాలు చుట్టుకుని, కళ్లజోడు లేక కళ్లు చిట్లించుకుంటూ, చాప మీద కాళ్లు పైకి పెట్టుకున్న మనిషి అలా అంటుంటే అత్తగారికి జాలేసింది. "పాపం, పెద్ద ఆఫీసరు అనుకుంటున్నాడు," అని నెమ్మదిగా అని, 'పేరు: తప్పు' అని రాసుకుంది. "ఈవేళ ఏం వారం?"

"సోమవారం రానివ్వండి, మీ అందరి పనీ చెప్తాను!"

"ఆదివారం పూట సోమవారం అంటున్నాడు," అని అదీ రాసుకుంది. "ఇప్పుడు ఎక్కడున్నారు?"

"ఎక్కడికొచ్చి పడ్డానో నాకే తెలియడం లేదు!"

మూడూ తప్పే. మాస్టారు ఒక్క తువ్వాలు సరిపోదని నాలుగు ముంచాడు. అవి ఒంటి మీద పడగానే జనరల్ మేనేజరు పెట్టిన కేకకు వీధిలో పిల్లలు ఆట ఆపేశారు. ఆయనా తెలివైనవాడే కాబట్టి దారి మార్చి చూశాడు. గొంతు తగ్గించి, "అమ్మా, నిజం చెప్తున్నాను. నాకేం బాగాలేదు," అన్నాడు.

"చూశావా మాస్టారూ, ఒప్పుకున్నాడు! పరిస్థితి అంతదాకా వచ్చిందన్నమాట. పట్టుకో, అమ్మాయికి ఫోన్ చేసి డాక్టర్ని తీసుకురమ్మంటాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. జనరల్ మేనేజరు జీవితంలో మొదటిసారి ఏ మాటా పనికిరాని చోట చిక్కుకున్నాడు.

సరిగ్గా అప్పుడు, షవరు హోరులో విజిలూ కేకలూ వినబడని జాగ్రత్తరావు స్నానాలగదిలోంచి తువ్వాలుతో బయటికొచ్చాడు. చాప మీద తన పదకొండేళ్ల ఆశ కాళ్లు పైకి పెట్టుకుని పడుంది.

"అత్తయ్యగారూ! వదలండి! ఆయన్ని వదలండి!"

"ఎలా వదులుతాం బాబూ? తొమ్మిదో నిబంధన..."

"నిబంధనలూ లేవు, గిబంధనలూ లేవు! ఆ కాగితం చింపి పారెయ్యండి!"

అత్తగారి చేతిలో పెన్ను ఆగిపోయింది. ఇంట్లో పాలు కాచడానికి కూడా నిబంధన రాసిన మనిషి, ఇన్నేళ్లలో ఏనాడూ ఈ మాట అనలేదు. ఆవిడ అల్లుడి కళ్లలోకి పరీక్షగా చూసింది. మొహం ఎర్రగా ఉంది, పెదాలు ఎండిపోయాయి, మాటలు మతి లేనివి.

"మాస్టారూ," అంది మెల్లగా, "అల్లుడుగారికి కూడా ఎక్కింది. రెండో చాప వెయ్యి."

ఆయన నిజంగానే జనరల్ మేనేజరని అల్లుడు మొత్తుకుంటే, అదీ వేడి మాటేనని ఆవిడ రాసుకుంది. రెండు నిమిషాల తర్వాత ఇద్దరూ పక్కపక్కన పడుకుని పైకప్పు చూస్తున్నారు. నాలుగు కాళ్లూ ఒకే స్టూలు మీద ఉన్నాయి.

"ఈ నిబంధనలు ఎవరు రాశారు?" అన్నాడు జనరల్ మేనేజరు, పైకప్పు మీంచి చూపు తిప్పకుండా.

"నేనే సార్."

"తొమ్మిదోది కూడా?"

"అది చాలా ఆలోచించి రాశాను సార్."

పావుగంటలో భార్య డ్యూటీ డాక్టరును వెంటబెట్టుకుని వచ్చింది. గుమ్మం దాటుతూనే చాప మీదున్న మనిషిని చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మా! ఎంత పని చేశావ్! ఆయన నిజంగానే జనరల్ మేనేజరు!"

మాస్టారు పట్టుకున్న భుజాలు టక్కున వదిలేశాడు. వచ్చిన గోడ మీంచే వెళ్లిపోదామా అని ఒకసారి గోడ వైపు చూశాడు కూడా. అత్తగారు మాత్రం చలించలేదు.

"అయితే? జనరల్ మేనేజర్లకి వేడి తగలదా? రెండుసార్లు పిలిస్తే పలకలేదు. పలకనివాళ్లు ఎవరో చూసి లాగాలని నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు."

డాక్టరు జనరల్ మేనేజరు నాడి చూశాడు, బీపీ చూశాడు. "మీకేం లేదు సార్. అరిచినందుకు గొంతు ఒకటి పోయింది, అంతే," అన్నాడు. జాగ్రత్తరావు దిగ్గున లేచి నిలబడ్డాడు. "సార్, క్షమించండి సార్! నేను కూడా బాగానే ఉన్నాను, మిమ్మల్ని కారు దాకా..." అన్నాడు. అంతే. మాట పూర్తి కాకుండానే కళ్లు తేలేసి కిందికి జారాడు. తల నేలకు తగలకుండా చేతులు చాచి పట్టుకున్నది జనరల్ మేనేజరే.

"ఈయన పొద్దుట్నుంచి నీళ్లు తాగలేదా?" అని డాక్టరు అడిగాడు. గోడ మీద నిబంధనల కాగితంలో రెండో వరుస ఆ సంగతే చెబుతోంది.

ఆ రోజు జాగ్రత్తరావు ఒక సెలైను సీసా, రెండు కూజాల నీళ్లు, భార్య పెట్టిన చీవాట్లు, అన్నీ పూర్తిగా పుచ్చుకున్నాడు. సోమవారం పొద్దున జనరల్ మేనేజరు గది ముందు నిలబడేసరికి ఆయనకు ఉద్యోగం మీదే ఆశ లేదు, పోస్టు సంగతి దేవుడెరుగు.

"కూర్చోండి," అన్నాడు జనరల్ మేనేజరు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఇరవై ఏళ్ల నుంచి ఈ ఫ్యాక్టరీలో నేనేం చెప్తే దానికి అందరూ తలూపుతున్నారు. బాయిలరు బాగానే ఉందంటే, బాగానే ఉంది సార్ అంటారు. నా మాట నమ్మకుండా పని పూర్తిచేసిన మనిషి నాకు నిన్ననే మొదటిసారి కనబడింది."

జాగ్రత్తరావు ప్రాణం లేచి వచ్చింది. "ఆ నిబంధన రాసింది నేనే కదా సార్."

"రాసింది మీరే. నా మొహం చూడగానే చింపి పారెయ్యమన్నది కూడా మీరే."

జాగ్రత్తరావు తల దించుకున్నాడు. నిజంగానే సిగ్గేసింది. జనరల్ మేనేజరు సంతకం పెట్టిన కాగితాన్ని ఆయన ముందుకు జరిపాడు. చీఫ్ సేఫ్టీ ఆఫీసరు, రెండేళ్ల కాంట్రాక్టు. కింద ఉన్నది అత్తగారి పేరు.

ఆవిడ చేరి నెలైంది. బాయిలరును రెండుసార్లు ఆపించింది, పాత పైపులన్నీ మారాయి, జనరల్ మేనేజరు కూడా సేఫ్టీ టోపీ పెట్టుకునే షెడ్డులోకి వస్తున్నాడు. మొన్న ఇంట్లో భోజనాల దగ్గర జాగ్రత్తరావు ఒక్కరోజు సెలవు అడిగితే, ఇలాంటివి ఆఫీసు వేళల్లో రాతపూర్వకంగా పెట్టుకోమంది.