రేడియోకి ఎండ, ఇంటికి వాన

వసంతకాలంలో ఆకాశాన్ని నమ్మకూడదని డ్రిల్లు టీచరు అభిప్రాయం. ఆకాశం సంగతి అలా ఉంచి, ముందు తన మొగుణ్ణి నమ్మకూడదని ఇంకా గట్టి అభిప్రాయం. కారణం లేకపోలేదు. ఆవిడ భర్త వాతావరణ కార్యాలయంలో అధికారి. ఇవాళ ఎండ, రేపు మబ్బు అంటూ రోజూ పొద్దున్నే స్థానిక రేడియోలో ఖంగుమని మోగే గొంతు ఆయనదే. అందుకే ఊరంతా ఆయన్ని వానసారు అంటారు. ఎండ కాస్తుందని చెప్పిన రోజు కూడా ఆయన వానసారే.

ఆ గురువారం పొద్దున రేడియోలో తన వంతు ముగించుకుని వానసారు హుషారుగా ఇంటికొచ్చేసరికి హాలు నిండా సంచులు పరిచి ఉన్నాయి. హ్యాండిల్‌కి కట్టేది ఒకటి, సీటు కింద వేలాడేది ఒకటి, గొట్టాల సందులో ఇరికించేది ఒకటి. శనివారం తెల్లవారగానే మొగుడూ పెళ్లాలిద్దరూ చెరో సైకిలెక్కి, గుడారం, దుప్పట్లు, తిండి అన్నీ సైకిళ్లకే కట్టుకుని, కొండల మీదుగా నాలుగు రోజులు తిరిగి రావాలని ప్లాను.

ఈ ప్లాను ఇవాళ్టిది కాదు. ప్రతి వసంతంలోనూ ఆవిడ సంచులు కట్టడం, బయల్దేరే ముందురోజు వానసారు ఆఫీసులో వాతావరణ పటాలు చూసొచ్చి "ఈసారికి వద్దులే" అనడం, ఆవిడ సంచులు విప్పడం మామూలైపోయింది. పోయినేడు సంచులు విప్పుతూ ఆవిడ ఒక మాట అంది. "వచ్చే ఏడు కూడా ఇంతే అయితే ఇంక మిమ్మల్ని అడగనండీ."

కోపంగా అని ఉంటే వానసారు తట్టుకునేవారే. మైదానం నిండా ఉన్న పిల్లల్ని ఒక్క ఈలతో నిలబెట్టేసే మనిషి, ఆ మాట మాత్రం మెల్లిగా అంది. అలా మెల్లిగా అనడమే ఆయన గుండెల్లో రాయిలా కూర్చుంది. ఈసారి ఏమైనా సరే బయల్దేరి తీరాలని ఆయన ఏడాదిగా అనుకుంటూనే ఉన్నారు.

"మంగళవారం దాకా చినుకు పడదు. పటాలన్నీ చూశాను. రేడియోలో కూడా అదే చెప్పొచ్చాను," అన్నారు గర్వంగా.

"విన్నాన్లెండి. మధ్యాహ్నం కొట్టుకెళ్లి రెండు రెయిన్‌కోట్లు, ఓ టార్పాలిన్, సంచుల మీద కప్పడానికి ప్లాస్టిక్ పట్టా పట్టుకురండి."

వానసారు నోరు తెరిచారు. "చినుకు పడదంటున్నానా!"

"అన్నారు కాబట్టే తెమ్మంటున్నా. మా స్కూలు ఆటల పోటీలకి కూడా ఎండన్నారు. వడగళ్లు పడ్డాయి. మా హెడ్మాస్టరుగారు ఇప్పటికీ నా మొహం చూడగానే నెత్తి తడుముకుంటారు."

వానసారు మధ్యాహ్నం భోజనాల వేళ సామాన్ల కొట్టుకి వెళ్లారు. కొట్టాయన ప్లాస్టిక్ పట్టా కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఆగి, ఎగాదిగా చూశాడు.

"అదేంటి సార్, పొద్దున రేడియోలో ఎండన్నారుగా?"

కట్టుకున్న పెళ్లామే తన మాట నమ్మదని ఎవరితో చెప్పుకుంటారు పాపం! నామోషీ. వానసారు ఓ వెర్రినవ్వు నవ్వి, "అది రేడియోకండీ. ఇది ఇంటికి," అనేసి, మూట చంకన పెట్టుకుని బయటపడ్డారు.

కొట్టాయన చేతిలో కత్తెర అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది. రేడియోకి ఎండ, ఇంటికి వానా! ఆయన చెడ్డవాడేం కాదు, పాపం, నలుగురి మేలు కోరేవాడు. అందుకని కొట్టుకొచ్చిన ప్రతివాడి చెవిలోనూ ఆ మాట వేశాడు. సాయంత్రానికి కొట్టులో టార్పాలిన్ అన్నది మచ్చుకైనా మిగల్లేదు.

ఇదేమీ తెలియని వానసారు సాయంత్రం పెరట్లో గుడారం వేశారు. నీళ్లు కారుతాయో లేదో చూడాలని డ్రిల్లు టీచరు పట్టుబట్టింది. ఆయన్ని లోపల కూర్చోబెట్టి, పైనుంచి గొట్టంతో నీళ్లు కొట్టడం మొదలెట్టింది.

"లోపలికి వస్తున్నాయా?"

"ఇంకా లేదు!"

"ఇది చాలదు. అసలుది ఇంకా గట్టిగా వస్తుంది. ఓర్చుకోండి!"

"వచ్చేసింది! కాళ్ల దగ్గరికి వచ్చేసింది!"

ప్రహరీగోడ అవతల మొక్కలకి నీళ్లు పోస్తున్న పక్కింటి పెద్దాయన చెంబు కింద పడేశాడు. వాతావరణ కార్యాలయం మనిషి సొంత పెరట్లో వరదకి రిహార్సల్ వేసుకుంటున్నాడు! పెద్దాయన వణుకుతూ లోపలికెళ్లి, వాగు ఒడ్డు వీధిలో కాపురముంటున్న కూతురికి ఫోన్ చేశాడు. "అమ్మాయ్, పిల్లల్ని తీసుకుని పైకొచ్చెయ్యి. ఏమీ అడక్కు."

అక్కడితో ఆగినా బాగుండేది. బరువుతో తొక్కడం అలవాటు కావాలని డ్రిల్లు టీచరు సంచులన్నీ సైకిళ్లకి కట్టించి, చీకటి పడకుండా ఓసారి కొండదారి ఎక్కి వద్దామంది. ఇద్దరూ వీధి వెంట రొప్పుకుంటూ పైకి తొక్కుతుంటే గుమ్మాల్లో జనం చూశారు. ఊరికి దిగువన వాగు. ఎగువన కొండ. వానసారు మూటాముల్లే కట్టుకుని పెళ్లాంతో సహా ఎగువకి పోతున్నాడు! ఇంతకంటే ఏం కావాలి?

శుక్రవారం పొద్దున్నే ఫోన్ మోగింది. పక్క పట్నంలో ఉండే పెద్దాఫీసరు.

"ఏవయ్యా, మీ ఊళ్లో వరదొస్తుందట కదా. మనం ఎండన్నాం. మనకి తెలియని వరద ఎక్కణ్ణుంచొచ్చింది?"

వానసారుకి పై ప్రాణాలు పైనే పోయాయి. "వరదేంటి సార్? నాకేం తెలీదు సార్!"

"వాతావరణం నీకు తెలీదంటే ఎలాగయ్యా! వెంటనే రేడియోలో ఖండించు."

వానసారు పరిగెత్తుకెళ్లి రేడియోలో కూర్చున్నారు. కంగారులో గొంతు బొంగురుపోయింది. "వరద వస్తుందన్న మాట అబద్ధం. ఎవరూ భయపడవద్దు. దయచేసి ఎవరూ ఇళ్లు వదిలి వెళ్లవద్దు," అని ఒకటికి రెండుసార్లు చదివారు.

అప్పటిదాకా భయపడనివాళ్లు అప్పుడు భయపడ్డారు. ఇన్నేళ్లలో వానసారు రేడియోలో ఎండ గురించి చెప్పారు, మబ్బు గురించి చెప్పారు. భయపడొద్దని ఎప్పుడైనా చెప్పారా? ఆయన బయటికొచ్చి చూసేసరికి వాగు ఒడ్డు వీధి వీధంతా కదిలి వస్తోంది. తోపుడుబళ్ల మీద మంచాలు, మంచాల మీద బిందెలు, బిందెల మీద పిల్లలు. వానసారు నడివీధిలో కొయ్యబారిపోయారు.

"అమ్మా, వెళ్లకండమ్మా! చినుకు కూడా పడదు. నా మాట నమ్మండి!" అని ఓ ముసలమ్మకి అడ్డం పడ్డారు.

"నీకేం నాయనా, సైకిలు కట్టుకుని సిద్ధంగా ఉన్నావు," అని ముసలమ్మ ఆయన్ని పక్కకి నెట్టి, చీపురుతో సహా సాగిపోయింది.

వాళ్లంతా వెళ్లి చేరింది ఎక్కడికనుకున్నారు? కొండ వాలులో ఉన్న డ్రిల్లు టీచరు స్కూల్లోకే. హెడ్మాస్టరుగారు నెత్తి తడుముకుని బడికి సెలవిచ్చేశారు. ఆవిడ ఈల ఊదుతూ మంచాలు వరసగా వేయించింది. ఆ సాయంత్రం ఆవిడ ఇల్లు చేరేసరికి హాల్లో పెద్దాఫీసరు కూర్చుని ఉన్నారు. ఎదురుగా వంకీకి రెండు రెయిన్‌కోట్లు వేలాడుతున్నాయి. వాటి పక్కనే వానసారు, ఇంచుమించు అలాగే వేలాడుతూ.

"చూడమ్మా, ఈయన రేడియోలో ఎండని చెప్పి, ఇంటికి రెయిన్‌కోట్లు కొన్నాట్ట. ఏంటి దీనర్థం?"

"అర్థమేముందండీ? ఈయన చెప్పే వాతావరణం నేను నమ్మను. కొనమన్నాను, కొన్నారు," అంది ఆవిడ, ఎంతో మామూలుగా.

వానసారు తల నేలకి వాలిపోయింది. పెద్దాఫీసరు, "ఇంట్లో ఆడవాళ్లే నమ్మకపోతే ఊరెలా నమ్ముతుందమ్మా?" అంటూ, పొద్దున ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు తన భార్య ఇచ్చి పంపిన గొడుగుని మెల్లిగా కుర్చీ వెనక్కి జార్చారు.

చివరికి ఆయనే తీర్పు చెప్పారు. "రేపు పొద్దున మీరిద్దరూ ఊరందరి కళ్లముందూ యాత్రకి బయల్దేరాలి. రెయిన్‌కోట్లు లేకుండా. టార్పాలిన్ లేకుండా. ఆ పట్టా కూడా పీకెయ్యండి. తన మాట తనే నమ్ముతున్నాడని జనం చూడాలి. కాదంటే, ఇంక రేడియోలో ఈయన గొంతు వినపడదు."

వానసారు బిత్తరపోయి భార్య వైపు చూశారు. ఆవిడ ఆలోచించి ఆలోచించి, "యాత్ర మాత్రం ఆగదుగా? అయితే సరే," అంది.

శనివారం పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా మెరుస్తోంది. వీధి రెండు వైపులా జనం. వానసారు పల్చటి చొక్కాలో, ఆ వెనక డ్రిల్లు టీచరు. పెద్దాఫీసరు స్వయంగా సంచులు తడిమి చూసి, "చూడండి, గొడుగు కూడా లేదు!" అని అందరికీ వినపడేలా అరిచారు. జనం గుసగుసలాడుకున్నారు. వాళ్లిద్దరూ కొండదారి ఎక్కుతుండగానే, స్కూల్లోంచి మొదటి మంచం వెనక్కి దిగడం మొదలైంది.

మొదటి మలుపు, రెండో మలుపు దాటి, పైకెక్కాక వానసారు ఊపిరి తీసుకోవడానికి ఆగారు. ఆగి, అటు పక్క లోయ చూశారు. ఊళ్లో ఉన్నవాళ్లకి కనపడనంత దూరంలో, సరిగ్గా వాగు పుట్టే శిఖరం మీద, కాటుక కుప్ప పోసినట్టు మబ్బు. కింద తెర దించినట్టు వాన. రాత్రి పటంలో దీని జాడే లేదు!

వాళ్లు వెళ్లాల్సిన దారి మాత్రం ఇటు పక్క ఎండలో పొడిగా, అందంగా ఉంది. ముందుకి సాగితే ఒక్క చినుకు కూడా తగలదు. కింద చూస్తే చీమల్లా జనం, మంచాలు మోసుకుంటూ వాగు ఒడ్డుకి దిగిపోతున్నారు. ఆయన మాట మీదే దిగిపోతున్నారు.

వానసారుకి ఏడుపొచ్చింది. ఇన్ని వసంతాల తర్వాత ఇంత దూరం వచ్చి, మళ్లీ అదే మాట ఎలా అనడం? కానీ తప్పదు. "ఏమే... వెనక్కి వెళ్దాం. వాగు పొంగుతుంది," అన్నారు, ఆవిడ మొహం చూడలేక.

ఆవిడ పొడిదారి వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసింది. "మీరు చెప్పిన వాతావరణం ఇవాళ మొదటిసారి నమ్ముతున్నానండీ," అని, తన సైకిలే ముందు తిప్పింది.

ఇద్దరూ బ్రేకులు కీచుమంటుంటే పడుతూ లేస్తూ దిగారు. ఊళ్లో ఎండ పెళపెళా కాస్తోంది. "వెనక్కి! అందరూ పైకి! వరదొస్తోంది!" అని వానసారు గొంతు చించుకున్నారు. ఒక్కడు కదల్లేదు. కొందరు నవ్వారు కూడా.

"నిన్న వెళ్లొద్దన్నావు, ఇవాళ వెళ్లమంటున్నావు. మావి నడుములనుకున్నావా, ఇనప కమ్ములనుకున్నావా?" అని ముసలమ్మ చీపురు ఎత్తింది. పెద్దాఫీసరు పరిగెత్తుకొచ్చి, "నీకు మతిపోయిందయ్యా!" అన్నారు.

డ్రిల్లు టీచరు గుడారం మూట విప్పి, దాని పొరల్లోంచి ఒక రెయిన్‌కోటు లాగింది.

"వద్దన్నానుగా!" అని పెద్దాఫీసరు గుడ్లు తేలేశారు.

"మీరు ఆయనకి ఆఫీసరండీ, నాకు కాదు," అంటూ ఆవిడ ఆ కోటు మొగుడికి తొడిగి, మెడదాకా గుండీలు పెట్టి, టోపీ నెత్తిమీదికి లాగింది. నడినెత్తిన ఎండ. రెయిన్‌కోటులో వానసారు చెమటలు కక్కుతూ నిలబడ్డారు.

జనంలోంచి కొట్టాయన కేక పెట్టాడు. "అమ్మో! ఇంటికి కొన్నది వేసుకున్నాడ్రోయ్!"

అంతే. ఎవరూ ఇంకో మాట అడగలేదు. మంచాలు అక్కడే వదిలేసి, పిల్లల్ని చంకనెత్తుకుని, వీధంతా ఎగువకి పరుగు తీసింది. ముసలమ్మని పెద్దాఫీసరే మోశారు. చివరి మనిషి స్కూలు గేటు దాటాక కాసేపటికి, ఒక్క చినుకైనా కురవని ఆ వీధిలోకి వాగు ఎర్రటి నీళ్లతో విరుచుకుపడింది. మంచాలు తేలుకుంటూ పోయాయి. మనిషి ఒక్కడు పోలేదు.

నీళ్లు తియ్యడానికి మంగళవారం దాకా పట్టింది. అన్నాళ్లూ ఊరంతా స్కూల్లో. గదులు చాలక వానసారు దంపతులు మైదానం మూల తమ గుడారం వేసుకున్నారు. చివరి సాయంత్రం ఆయన బెరుగ్గా అన్నారు. "కొండ మీదే ఉన్నాం. గుడారంలోనే ఉన్నాం. నాలుగు రోజులూ అయ్యాయి. ఇది యాత్ర కిందికి రాదంటావా?"

"రాదు," అంది డ్రిల్లు టీచరు, సంచి తాళ్లు బిగిస్తూ. "వచ్చే వసంతానికి మళ్లీ అడుగుతా."

ఆవిడ మళ్లీ అడుగుతానంది! వానసారు నమ్మలేక కాసేపు ఆకాశం వంక చూస్తూ కూర్చున్నారు. గుండెల్లో రాయి ఎప్పుడు దిగిపోయిందో ఆయనకే తెలియలేదు.

ఇప్పుడు ఊళ్లో ఎవరూ పొద్దున రేడియో పెట్టరు. బయటికెళ్లే ముందు వానసారు ఇంటి కిటికీలోంచి తొంగిచూసి, వంకీకి రెయిన్‌కోటు ఉందో లేదో చూసుకుని వెళ్తారు. ఉంటే ఎండ, లేకపోతే వాన. సంగతి పెద్దాఫీసరు దాకా వెళ్లింది. ఆయన పై అధికారులతో చర్చించి ఉత్తర్వు పంపారు: సదరు ఉద్యోగి ఇకమీదట తన ఇంటి రెయిన్‌కోటును వంకీ నుంచి తీయదలచినచో, కార్యాలయం నుంచి ముందస్తు అనుమతి పొందవలెను.