చేతిలో సుత్తి ఉంటేనే ఇంగ్లీషు

ఆ పొద్దున గుమాస్తాగారి పథకం చాలా సులువైనది. స్నానం, ఇస్త్రీ చొక్కా, హెడ్డాఫీసు, ఇంటర్వ్యూ, ప్రమోషన్. ప్రమోషన్ రాకపోతే మాత్రం కొంప మునిగినట్టే. పోటీలో ఉన్న రెండో మనిషి సాక్షాత్తూ ఆయన బావమరిది మరి! వాడికొస్తే రేపట్నుంచి వాడి గది బయట నిలబడి "లోపలికి రావచ్చా సార్" అనాలి. నిన్నమొన్నటిదాకా మొట్టికాయలు వేసినవాణ్ణి సార్ అనడమా!

ఇంటర్వ్యూ ఇంగ్లీషులో. నేర్పింది బడిలో టీచరైన భార్యే. పోటీపడుతున్నది ఆమె తమ్ముడేనని ఈయన పొరపాటున కూడా చెప్పలేదు. చెబితే పాఠాలు ఆగిపోవూ! బావతోనే పోటీయా అని అక్క పెట్టే చీవాట్లకు జడిసి బావమరిదీ నోరెత్తలేదు.

పుస్తకం పడితే కునికే మొగుడికి ఆమె కొత్త దారి కనిపెట్టింది. పనిముట్ల పేర్లున్న ఇంగ్లీషు నుడికారాలు ఏరి, ఆ పనిముట్టు చేతికిచ్చి మరీ వల్లె వేయించింది. సుత్తి పట్టుకుంటే "హిట్ ది నెయిల్ ఆన్ ది హెడ్", అంటే అసలు సంగతి సరిగ్గా పట్టుకోవడం. స్పానర్ పట్టుకుంటే "త్రో ఎ స్పానర్ ఇన్ ది వర్క్స్", సాఫీగా సాగే పనికి అడ్డుపుల్ల వేయడం. గొడ్డలి పట్టుకుంటే "ఐ హేవ్ నో ఏక్స్ టు గ్రైండ్", ఇందులో నా స్వార్థమేమీ లేదని. అన్నీ గడగడా వచ్చేశాయి. పనిముట్టు కింద పెడితే మాత్రం అక్షరం ముక్క రాదు.

అందుకని ఆ పనిముట్లన్నీ ఓ సంచీలో కూరి భుజాన వేసుకుని బయల్దేరాడు.

"ఆ మూటెందుకండీ?" అంది భార్య.

"నా ఇంగ్లీషంతా ఇందులోనే ఉంది. నువ్వూరుకో."

హెడ్డాఫీసు గుమ్మంలో అటెండరు సంచీలోంచి తొంగిచూస్తున్న సుత్తి పిడి చూశాడు. "హమ్మయ్య, వచ్చారా! సార్ పొద్దుట్నుంచీ మీకోసమే కూచున్నారు" అంటూ తిన్నగా మేనేజరు గదిలోకి తీసుకుపోయాడు. ఆ మర్యాదకి గుమాస్తా ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

మేనేజరు ఫోన్లో మాట్లాడుతూనే బిగుసుకుపోయిన బల్ల సొరుగు చూపించి, "ముందు ఇది తెరవండి" అన్నాడు.

ఓహో, ఇది ప్రాక్టికల్ పరీక్ష కాబోలు! గుమాస్తా సుత్తి తీసి, "హిట్ ది నెయిల్ ఆన్ ది హెడ్!" అని గట్టిగా అని, ఒక్కటిచ్చుకున్నాడు. సొరుగు ముందు చెక్క ఊడి మేనేజరు కాలిమీద పడింది.

"అబ్బా! ఏం పనయ్యా ఇది?"

పాపం కంగారుపడుతున్నాడు, కాస్త నమ్మకం కలిగిద్దామని గుమాస్తా గొడ్డలి పైకెత్తి, "ఐ హేవ్ నో ఏక్స్ టు గ్రైండ్!" అన్నాడు.

మేనేజరు కుర్చీ ఎక్కేశాడు. "అటెండర్! ఈయన్ని బయటికి లాగు! ముందా సంచీ లాక్కో!"

వరండాలోకి వచ్చేసరికి అసలు వడ్రంగి నిలబడి ఉన్నాడు. "సొరుగు బాగుచెయ్యమన్నారటండీ?"

అటెండరు తెల్లమొహం వేసి గుమాస్తా వైపు తిరిగాడు. "మరి మీరెవరండీ బాబూ?"

"ఇంటర్వ్యూకొచ్చానయ్యా!" అన్నాడు గుమాస్తా, పై ప్రాణాలు పైనే పోతుండగా.

ముందు బావమరిది లోపలికెళ్ళి ఈల వేసుకుంటూ బయటికొచ్చాడు. తర్వాత గుమాస్తా వట్టి చేతులతో వెళ్ళాడు.

"మళ్ళీ మీరా!" మేనేజరు కుర్చీ వెనక్కి జరుపుకుని, ఈ ప్రమోషన్ మీకెందుకివ్వాలని ఇంగ్లీషులో అడిగాడు.

గుమాస్తా కుడిచెయ్యి గాలిలో సుత్తి కోసం తడుముకుంది. సుత్తీ లేదు, ఇంగ్లీషూ లేదు. చివరికి, ఏడుపొక్కటే తక్కువగా, కడుపులో ఉన్నదంతా తెలుగులో కక్కేశాడు. "బావమరిది కింద పనిచెయ్యలేను సార్! చచ్చినా నావల్ల కాదు!"

మేనేజరు కాలు నొక్కుకోవడం ఆపాడు. తలుపు వేసి ఉందో లేదో చూసుకుని గొంతు తగ్గించాడు. "మన ఎండీ ఎవరనుకున్నారు? మా ఆవిడ తమ్ముడు. రోజూ లేచి నిలబడి గుడ్మార్నింగ్ సార్ అంటున్నానండీ."

ఆయన కళ్ళు చెమర్చాయి. ప్రమోషన్ ఆర్డరు మీద అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు.

గుమాస్తా మిఠాయి పొట్లంతో గాల్లో తేలుతూ ఇల్లు చేరాడు. అప్పటికే తమ్ముడి ఫోను వచ్చేసింది. భార్య నడుం మీద చేతులేసుకుని గుమ్మంలోనే ఉంది.

"మా తమ్ముడి నోటికాడ కూడు లాక్కోడానికా నాచేత పాఠాలు చెప్పించుకున్నారు?"

ఆ వారమంతా ఆమె ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడలేదు. తెలుగులోనూ మాట్లాడలేదు.